పసిబిడ్డను ఆయాకు అప్పగించే ముందు: వెరిఫికేషన్ పత్రం చెప్పని సంగతులు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బిడ్డకు ఐదో నెల నడుస్తోంది, ఆరు వారాల్లో మీరు తిరిగి ఉద్యోగంలో చేరాలి, ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు. ఒక ఏజెన్సీ రెండు రోజుల్లోనే ఒకావిడను చూపించి, "పోలీసు వెరిఫికేషన్ అయిపోయింది, అడ్వాన్సు కట్టేస్తే రేపటి నుంచి పంపిస్తాం" అంటోంది. అది సరిపోతుందా, ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో బిడ్డను పెట్టి వెళ్లాలంటే ఇంకా ఏమేం చూసుకోవాలి అని అడిగారు. సరిపోదు. ఎందుకు సరిపోదో, దానికి మించి ఏం చేయాలో నాకు తెలిసినంత వివరంగా రాస్తాను. నేను 22 ఏళ్లుగా పసిపిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తున్నాను. అందులో సగం కాలం ఆయాలకు శిక్షణ ఇవ్వడమే నా పని. నా ఇద్దరు పిల్లలూ నేను ఉద్యోగానికి వెళ్తుండగా ఆయాల చేతుల్లోనే పెరిగారు.

పోలీసు వెరిఫికేషన్ చెప్పేది ఒక్కటే: ఆ పేరు మీద, వాళ్లు వెతికిన రికార్డుల్లో, నమోదైన కేసు కనిపించలేదని. కేసు దాకా రాని తప్పు, వేరే ఊళ్లో ఉన్నప్పటి కేసు, పెళ్లికి ముందున్న ఇంటిపేరుతో ఉన్న కేసు అందులో తేలకపోవచ్చు. అందువల్ల ఆ పత్రాన్ని తప్పకుండా తీసుకోండి, ఆవిడ గత కొన్నేళ్లలో నివసించిన ఊళ్లన్నింటికీ, ఆవిడకున్న పేర్లన్నింటికీ అది వర్తిస్తుందో లేదో అడగండి, తేదీ చూడండి. కానీ దాన్ని చూసి నిశ్చింతగా ఉండిపోవద్దు. ఇన్నేళ్లలో నా కళ్లముందుకు వచ్చిన ప్రమాదాల్లో దాదాపు ఏ ఒక్కటీ నేరచరిత్ర ఉన్నవారి వల్ల జరిగింది కాదు. అలసట, తెలియనితనం, జరిగింది చెబితే ఏమంటారోనన్న భయం: ఈ మూడే వాటి వెనక ఉన్నాయి. ఈ మూడింటినీ ఏ పత్రమూ పట్టి ఇవ్వదు.

మనిషిని వెతకడానికి ముందు పని ఏమిటో మీరిద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు, మీరు రావడం ఆలస్యమైతే ఎవరు ఉంటారు, బిడ్డను బయటికి తీసుకెళ్లవచ్చా, ఇంట్లోకి మీరు లేనప్పుడు ఎవరెవరు రావచ్చు. ఇక్కడ నా అభిప్రాయం కాస్త గట్టిగానే చెబుతాను: ఏడాది నిండని బిడ్డను చూసుకునే మనిషికి వంట, అంట్లు, ఇల్లు తుడవడం అప్పగించకండి. బిడ్డ బట్టలు, పాలసీసాలు, బిడ్డ గది శుభ్రం వరకే ఆ పని. పొయ్యి మీద ఏదో మాడిపోతుందన్న తొందరలో మంచం మీద వదిలేసిన బిడ్డే దొర్లి కింద పడుతుంది. మీ బిడ్డ వయసులో చాలామంది పిల్లలు దొర్లడం అప్పుడే నేర్చుకుంటూ ఉంటారు, నిన్నటి దాకా కదలని బిడ్డ ఈ రోజు మంచం అంచుకు చేరుతుంది. నీళ్ల విషయం మరీ ముఖ్యం. నాలుగు వేళ్ల లోతు నీళ్లలో కూడా పసిబిడ్డ మునిగిపోగలదు, అదీ ఏ చప్పుడూ లేకుండా. స్నానం చేయించేటప్పుడు తలుపు కొట్టినా, ఫోను మోగినా బిడ్డను వదలకూడదు అని చెప్పడం ఒక ఎత్తు. ఆవిడ మీద వేరే పని భారం లేకుండా చూడటం ఒక ఎత్తు.

ఎక్కడ వెతకాలంటే, మీకన్నా రెండు మూడేళ్ల ముందు పిల్లల్ని కన్న పరిచయస్తుల దగ్గర మొదలుపెట్టండి. వాళ్ల పిల్లలు బడికి వెళ్లే వయసుకు వచ్చేసరికి వాళ్ల ఆయాకు కొత్త పని కావాలి, వాళ్లే ఆవిడకు మంచి ఇల్లు దొరకాలని కోరుకుంటూ ఉంటారు. ప్రకటన ఇవ్వాల్సి వస్తే అందులో బిడ్డ పేరు, ఫోటో, ఇంటి చిరునామా, మీరు ఇంట్లో లేని వేళలు రాయకండి. మొదట ఫోనులో మాట్లాడి, తర్వాత జనం తిరిగే చోట ఒకసారి కలిసి, నచ్చాకే ఇంటికి పిలవండి. మనిషిని చూడకముందే డబ్బు అడిగిన ఎవరితోనైనా అక్కడితో మాట ఆపేయండి. ఏజెన్సీ ద్వారా తీసుకోవడంలో తప్పేమీ లేదు, బాధ్యతగా నడిపేవాళ్లూ ఉన్నారు, కానీ వాళ్లను "వెరిఫికేషన్ చేశారా?" అని అడగకండి, ఎవరైనా చేశామనే చెబుతారు. "ఆవిడ ఇదివరకు పనిచేసిన ఏ ఇంటివాళ్లతో మాట్లాడారు, ఎప్పుడు మాట్లాడారు, వాళ్లు ఏమన్నారు, నన్ను వాళ్లతో మాట్లాడనిస్తారా?" అని అడగండి. ఆ నాలుగు ప్రశ్నల దగ్గరే చాలామటుకు తేలిపోతుంది.

పాత ఇళ్లవాళ్లతో మాట్లాడటాన్నే నేను మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైనదిగా భావిస్తాను, నూటికి తొంభై మంది తల్లిదండ్రులు మొక్కుబడిగా ముగించేదీ దాన్నే. నా పెద్దబిడ్డ మీ బిడ్డంత ఉన్నప్పుడు ఒక ఏజెన్సీ నాకు రెండు సిఫారసు ఉత్తరాలు ఇచ్చింది. రెండింటిలోనూ ఫోను నంబర్లున్నాయి. మొదటి నంబరుకు చేస్తే ఒకావిడ ఎత్తి, "చాలా మంచి మనిషండీ, మా ఇంట్లో మనిషిలా ఉండేది" అని గడగడా చెప్పుకొచ్చారు. సంతోషపడి పెట్టేసేదాన్నే, కానీ ఎందుకో "మీ బాబును నిద్రపుచ్చడానికి ఆవిడ ఏం చేసేవారండీ?" అని అడిగాను. అటు పక్క మౌనం. కాసేపటికి "మామూలుగానే" అన్నారు. ఆవిడ చేరినప్పుడు బాబుకు ఎన్ని నెలలని అడిగితే ఒకసారి ఎనిమిదన్నారు, మరోసారి ఏడాదిన్నర అన్నారు. ఆ గొంతు ఆ ఏజెన్సీలోనే పనిచేసే మనిషిదని తర్వాత తెలిసింది. తన పేరుతో ఆ ఉత్తరాలు తిరుగుతున్నాయని ఆ ఆయాకు కూడా తెలియదు. ఆవిడ నిజంగా పనిచేసిన ఇల్లు వేరే ఉంది, నేరుగా అడిగితే ఆ నంబరు ఆవిడే ఇచ్చారు.

ఆ రోజు నేర్చుకున్నది ఇప్పటికీ అందరికీ చెబుతాను: పొగడ్త ఎవరైనా చెప్పగలరు, రోజువారీ వివరం ఆ ఇంట్లో ఉన్నవాళ్లే చెప్పగలరు. బిడ్డ ఏ వేళకు పడుకునేది, ఏ ఆట ఇష్టం, ఆయా సెలవు పెడితే ఇంట్లో ఏం ఇబ్బంది అయ్యేది, ఇలాంటివి అడగండి. ఆ తర్వాత అసలు ప్రశ్నలకు రండి. ఆవిడ దగ్గర ఉండగా బిడ్డకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, ఆ సంగతి మీకు ఎవరు చెప్పారు, ఎంతసేపటికి చెప్పారు? ఆవిడలో ఒక్క విషయం మార్చగలిగితే ఏం మార్చేవారు? ఎందుకు మానేశారు? మళ్లీ బిడ్డ పుడితే ఆవిడనే పెట్టుకుంటారా? ఈ చివరి ప్రశ్న అడిగాక మీరు మాట్లాడకండి. అటువైపు నుంచి వెంటనే "కళ్లు మూసుకుని" అన్న మాట వస్తే ఒక లెక్క, కాస్త ఆగి "పెట్టుకోవచ్చు లెండి" అంటే ఇంకో లెక్క. ఎదుటి మనిషి పొట్ట కొట్టడం ఎందుకని చెడు చెప్పడానికి చాలామంది వెనకాడతారు, కాబట్టి చెప్పనిదాన్ని కూడా వినాలి. మానేసిన కారణం, పనిచేసిన నెలలు ఆవిడ చెప్పినదానితో సరిపోతున్నాయో చూడండి. మధ్యలో ఏడాదో రెండేళ్లో పని చేయని ఖాళీ ఉంటే దాన్ని వెంటనే అనుమానించకండి. కన్నతల్లికి జబ్బు చేసి ఉండవచ్చు, తన బిడ్డను తాను చూసుకుని ఉండవచ్చు. అడిగితే తడబడకుండా చెబుతారు. వీలైతే కనీసం రెండు ఇళ్లవాళ్లతో మాట్లాడండి, ఒకరినైనా స్వయంగా కలవండి.

ఇక ఆవిడతో మాట్లాడేటప్పుడు "పిల్లలంటే ఇష్టమేనా?" లాంటి ప్రశ్నలు దండగ. అభిప్రాయం అడగకండి, జరిగింది అడగండి. "బిడ్డ గంటసేపు ఆగకుండా ఏడ్చిన రోజు ఒకటి చెప్పండి, అప్పుడు ఏం చేశారు?" అని అడగండి. పసిబిడ్డల ఏడుపు ఆరో వారం ప్రాంతంలో తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలు దాటాక తగ్గుముఖం పడుతుంది కాబట్టి మీరు కష్టమైన దశ దాటేసి ఉండవచ్చు, అయినా ఈ ప్రశ్న వదలవద్దు. ఓపిక నశించిన ఒక్క క్షణంలో బిడ్డను పట్టుకుని ఊపేయడం వల్ల జరిగే హాని పైకి ఒక్క గీత కూడా లేకుండా జరుగుతుంది. పసిబిడ్డ తల మిగతా శరీరంతో పోలిస్తే బరువుగా ఉంటుంది, మెడ కండరాలు బలహీనంగా ఉంటాయి. ఊపినప్పుడు తల ముందుకూ వెనక్కూ కొట్టుకుని మెదడు చుట్టూ, కంటి వెనకా రక్తనాళాలు తెగుతాయి. ప్రాణం పోవచ్చు, చూపు పోవచ్చు, బతికినంత కాలం మూర్ఛలు రావచ్చు. అందుకే "నాకు ఎప్పుడూ విసుగు రాదమ్మా" అన్న జవాబు నన్ను భయపెడుతుంది. "విసుగొచ్చింది. బిడ్డను చుట్టూ కంచె ఉన్న పిల్లల మంచంలో వెల్లకిలా పడుకోబెట్టి, పక్కగదిలోకి వెళ్లి రెండు నిమిషాలు కూర్చుని, నీళ్లు తాగి వచ్చాను, తర్వాత వాళ్లమ్మకు ఫోను చేశాను" అన్నావిడను నేను నమ్ముతాను. ఆ మాట ఆవిడ తనంతట చెప్పకపోతే, అలా చేయవచ్చని, అలా చేస్తే మీరు ఏమీ అనుకోరని మీరే చెప్పండి.

రెండో ప్రశ్న నిద్ర గురించి. ఏడాది నిండేదాకా ప్రతి నిద్రకూ, పగలైనా రాత్రైనా, బిడ్డను వెల్లకిలా, గట్టిగా సమంగా ఉండే పరుపు మీద, దిండు, దుప్పటి, బొమ్మలు లేకుండా పడుకోబెట్టాలి. తనంతట తాను అటూ ఇటూ దొర్లగలిగిన బిడ్డ నిద్రలో బోర్లా తిరిగితే పరవాలేదు, పడుకోబెట్టడం మాత్రం వెల్లకిలానే. అమెరికాలో పిల్లల వైద్యుల అకాడమీ 1992లో బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పి, 1994లో దేశమంతటా ప్రచారం జరిగాక, నిద్రలో హఠాత్తుగా జరిగే శిశుమరణాలు పదేళ్లలోపే సగానికి తగ్గాయి. అంటే అంతకుముందు పిల్లల్ని పెంచినవాళ్లు, వాళ్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లు బోర్లా పడుకోబెడితే హాయిగా నిద్రపోతారని నమ్మి ఉంటారు, ప్రేమతోనే నమ్మి ఉంటారు. నా దగ్గర శిక్షణకు వచ్చిన ఒక పెద్దావిడ ఐదుగురు పిల్లల్ని అలాగే పెంచానని చెప్పారు. ఆవిడను తప్పుపట్టలేదు, కారణం వివరించాను. మర్నాటి నుంచి ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఎన్నేళ్ల అనుభవం అన్నదానికన్నా, కొత్త సంగతి చెప్పినప్పుడు ఆ మనిషి ఎలా వింటారన్నదే మీరు పట్టుకోవాల్సింది.

మందుల గురించి కూడా అప్పుడే తేల్చండి. మిమ్మల్ని అడగకుండా ఒక్క చుక్క మందు కూడా వేయకూడదు. జలుబు, అలర్జీకి వాడే కొన్ని సిరప్‌లు మత్తు కలిగిస్తాయి. బిడ్డ నిద్రపోవాలని వాటిని వాడటం ప్రాణాంతకం కావచ్చు. జ్వరానికి ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. తేనె ఏడాది లోపు నాకించకూడదు, అందులో ఉండగల ఒక రకం బాక్టీరియా పసిబిడ్డ పేగుల్లో విషాన్ని తయారుచేయగలదు. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే గుండీ బ్యాటరీ బిడ్డ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేయగలదు, కాబట్టి ఆ అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. గొంతుకు ఏదైనా అడ్డం పడి బిడ్డకు ఊపిరాడక, ఏడుపు కూడా రాకపోతే, తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పట్టుకుని వీపు మీద ఐదుసార్లు తట్టడం, తిప్పి ఛాతీ మీద ఐదుసార్లు నొక్కడం, అది బయటపడేదాకా లేదా సహాయం వచ్చేదాకా ఇదే మళ్లీ మళ్లీ చేయడం. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు. దీన్ని చదివి నేర్చుకోలేరు. పసిపిల్లల ప్రథమ చికిత్స తరగతి ఎక్కడ ఉన్నా మీరు, మీవారు, ఆవిడ కలిసి వెళ్లండి, ఆ రోజుకు ఆవిడకు జీతం ఇవ్వండి. ఒకే రోజు ఒకే బొమ్మ మీద ముగ్గురూ నేర్చుకుంటే తర్వాత ఇంట్లో "నేను ఇలా అన్నాను, నువ్వు అలా విన్నావు" అన్న వాదన ఉండదు.

పత్రాల పని త్వరగా అయిపోతుంది. గుర్తింపు కార్డు అసలుది చూసి, నకలు తీసుకుని, అసలును వెంటనే తిరిగి ఇచ్చేయండి. ఆవిడ ఉంటున్న ఇంటికి ఒకసారి వెళ్లి రండి, దగ్గరి బంధువులిద్దరి నంబర్లు తీసుకోండి. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయిని బిడ్డ బాధ్యతకు పెట్టుకోకండి. బిడ్డకు మరో బిడ్డ కాపలా కాకూడదు. ఆవిడ వివరాలు మీ దగ్గర భద్రంగా ఉండాలి తప్ప పదిమంది ఉన్న గ్రూపుల్లోకి పంపడం తప్పు. ఆరోగ్యం విషయంలో కోరింత దగ్గు టీకా, ఈ ఏడాది ఫ్లూ టీకా వేయించుకున్నారా, క్షయ పరీక్ష చేయించుకున్నారా అని మర్యాదగా అడిగి, ఖర్చు మీరే పెట్టుకోండి. ఆరు నెలలు నిండనిదే బిడ్డకు ఫ్లూ టీకా వేయరు కాబట్టి, అప్పటిదాకా చుట్టూ ఉన్న పెద్దవాళ్లే ఆ బిడ్డకు రక్షణ. ఈ నియమం ఆవిడకే కాదు, మీకూ మీవారికీ వర్తిస్తుంది.

జీతం, సెలవులు, పనిగంటలు, అదనపు గంటలకు ఎంత, మానాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఆవిడకు చదవడం రాకపోతే ఆవిడ నమ్మే మనిషి ముందు చదివి వినిపించండి. వీటిని ఆయా పట్ల దయగా చూపించే మర్యాదలని చాలామంది అనుకుంటారు. నేను వీటిని బిడ్డ భద్రతలో భాగంగానే చూస్తాను. జబ్బు చేసిన రోజుకు జీతం కోసే ఇంట్లో ఆయా జ్వరంతోనే పనికి వస్తారు, ఆ జ్వరం రెండో రోజుకు బిడ్డకు వస్తుంది. పన్నెండు గంటలు బిడ్డను మోసిన చేతులు పదమూడో గంటకు వణుకుతాయి. ఇంటి పనివారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడిక వారానికి కనీసం 24 గంటల వరుస విశ్రాంతి ఉండాలంటుంది, గుర్తింపు పత్రాలు పనివారి దగ్గరే ఉండాలంటుంది. మీరున్న చోట చట్టం ఎలా ఉన్నా అంతకు తగ్గకండి. ఆవిడ మీ ఇంట్లోనే ఉండేటట్లయితే లోపలి నుంచి గడియ పెట్టుకోగల గది ఇవ్వండి. మీ ఇంట్లో ఆవిడ కూడా క్షేమంగా ఉండాలి, ఇంటికి వచ్చే మగవాళ్ల వల్ల ఆవిడకు ఏ ఇబ్బంది కలిగినా ముందు మీకే చెప్పగలగాలి.

ఇప్పుడు కలిసి గడపాల్సిన రోజుల సంగతి. మీకున్న ఆరు వారాల్లో ఆఖరి రెండు వారాలు దీనికే ఉంచండి, మొదటి రోజు నుంచే పూర్తి జీతం ఇవ్వండి. మొదటి రెండు మూడు రోజులు మీరు చేస్తుంటే ఆవిడ చూస్తారు. తర్వాత ఆవిడ చేస్తుంటే మీరు అదే గదిలో ఉంటారు, ఆ తర్వాత పక్కగదిలో. రెండో వారంలో అరగంట, రెండు గంటలు, ఒక పూట బయటికి వెళ్లి రండి. ఏం గమనించాలంటే, బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు కడుక్కుంటున్నారా, డైపరు మార్చేటప్పుడు ఒక చెయ్యి బిడ్డ మీద ఉంచి రెండో చేత్తో బట్ట అందుకుంటున్నారా, బిడ్డతో మాట్లాడుతున్నారా, బిడ్డ మొహం తిప్పేసుకుంటే చాలని అర్థం చేసుకుని సీసా తీసేస్తున్నారా, ఫోను ఎంతసేపు చేతిలో ఉంటోంది. మాటలు తక్కువైనా చేతులు నెమ్మదిగా ఉన్న మనిషి మంచి మనిషి. కలిపిన పాలపొడి పాలు రెండు గంటల్లో, బిడ్డ నోరు పెట్టిన సీసా గంటలో వాడేయాలని, పిండిన తల్లిపాలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు మించి ఉంచకూడదని ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి. దానికింద మీ ఇద్దరి నంబర్లు, పిల్లల డాక్టరు, అంబులెన్సు, పక్కింటివాళ్ల నంబర్లు, ఇంటి పూర్తి చిరునామా ఉండాలి. కంగారులో సొంత చిరునామా కూడా గుర్తురాదు, పరాయి ఇంటి చిరునామా అసలే గుర్తురాదు.

వెళ్లేటప్పుడు బిడ్డకు కనిపించకుండా జారుకోకండి, చెప్పి వెళ్లండి. ఎనిమిది తొమ్మిది నెలలు వచ్చేసరికి బిడ్డ కొత్త మొహాలకు బెదరడం, అమ్మ కనబడకపోతే ఏడవడం ఎదుగుదలలో భాగం, అప్పటిదాకా చక్కగా ఉన్న బిడ్డ ఒక్కసారిగా ఆయాను చూసి ఏడ్చినా ఆ ఒక్కదాన్నే పట్టుకుని ఆవిడను అనుమానించకండి. ఉద్యోగంలో చేరాక అప్పుడప్పుడు చెప్పకుండా మధ్యాహ్నమే వచ్చేస్తామని మొదట్లోనే చెప్పి, అలాగే రండి. ముందే తెలిస్తే అది అవమానంగా తోచదు.

కెమెరా గురించి మీరు విడిగా అడిగారు. పెట్టుకోవచ్చు, కానీ ఆవిడకు చెప్పి పెట్టండి, ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించండి. స్నానాల గదిలో, ఆవిడ బట్టలు మార్చుకునే చోట, పడుకునే చోట ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మాటలు రికార్డు చేయడం మీద చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీ దగ్గర ఏం చెల్లుతుందో కనుక్కున్నాకే ఆ సౌకర్యం వాడండి. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డు మార్చకుండా వాడితే మీ బిడ్డ గదిని ఇంకెవరో చూసే వీలుంటుంది. ఇంతా చేసి, మీరు మీటింగులో ఉన్న రెండు గంటలూ ఆ తెరను ఎవరూ చూడరు.

నా చిన్నబిడ్డకు పది నెలలప్పుడు జరిగింది చెబుతాను, ఇది కెమెరా చేయలేని పని. ఒక రోజు ఆయా ఫోను చేసి, "అమ్మా, పాప సోఫా మీంచి పడింది, నేను వెనక్కి తిరిగి బట్ట అందుకుంటున్నాను, తల ఎడమవైపు తగిలింది, వెంటనే ఏడ్చింది, వాంతి లేదు, పడి ఐదు నిమిషాలైంది" అన్నారు. నా గుండె ఆగినంత పనైంది. వెళ్లి డాక్టరుకు చూపించాం, ఆవిడ చెప్పిన ప్రతి వివరమూ డాక్టరుకు పనికొచ్చింది, పాప క్షేమంగానే ఉంది. ఆ రాత్రి ఆవిడతో, వెంటనే చెప్పినందుకు కృతజ్ఞతలు చెప్పాను, సోఫా మీద డైపరు మార్చవద్దని ఇద్దరం అనుకున్నాం. ఆ తర్వాత ఆరేళ్లు ఆవిడ మా ఇంట్లో ఉన్నారు. ఆవిడకు ముందు ఉన్న ఆయాను నేను ఒక్కరోజులో పంపించేశాను. పెద్దబిడ్డ చేతి మీద వేడి గిన్నె తగిలిన వాత సాయంత్రం నా కంటబడేదాకా ఆమె చెప్పలేదు, అడిగితే దోమ కుట్టిందన్నారు. పంపింది వాతకు కాదు, దోమ అన్న మాటకు. అయితే, చిన్న తప్పులకు నేను ఆమె మీద గొంతు పెంచిన రోజులు చాలా ఉన్నాయని, ఆ మాట ఆమె నోట పలికించడంలో నా వాటా కూడా ఉందని తర్వాత అర్థమై ఇప్పటికీ బాధపడతాను. మొదటి రోజే ఆవిడకు చెప్పండి: జరిగింది జరిగినట్టు వెంటనే చెబితే ఉద్యోగం పోదు, దాస్తే పోతుంది. చెప్పాక ఆ మాట మీద నిలబడండి. పాలు, నిద్ర, డైపర్లు, ఒంటి మీద కొత్తగా కనిపించిన ప్రతి మచ్చ రాయడానికి ఒక నోటు పుస్తకం పెట్టండి, అందులో పొద్దున మీరు బిడ్డను అప్పగించేటప్పుడు ఉన్న మచ్చలు మీరూ రాయండి. అది ఆవిడకు కూడా రక్ష.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఆలోచిస్తూ కూర్చోకండి. ఇంకా పాకడం రాని బిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చ, ఏ వయసు బిడ్డకైనా చెవి మీద, మెడ మీద, పొట్ట మీద మచ్చలు, ఒకే దెబ్బకు రెండు రకాల కథలు, ఎప్పుడూ లేనంత మగత నిద్ర, లేపినా లేవకపోవడం, కారణం తెలియని వాంతులు. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే బిడ్డను డాక్టరుకు చూపించండి, మచ్చలుంటే ఫోటో తీసి తేదీ రాయండి. మగతగా ఉండి లేవకపోతే నేరుగా అత్యవసర విభాగానికే వెళ్లండి. ఆవిడను నిలదీయడం తర్వాత, ముందు బిడ్డను ఆ చేతుల్లోంచి తీసుకోండి. రుజువు లేదు కదా అని ఇంకో రోజు చూద్దామనుకోవద్దు. అనుమానం తప్పని తేలితే క్షమాపణ చెప్పుకోవచ్చు.

ఏజెన్సీకి రేపు ఏం చెప్పాలన్నారు. అడ్వాన్సు ఇప్పుడే కట్టబోమని, ఆవిడ పనిచేసిన రెండు ఇళ్ల నంబర్లు ఇస్తే మాట్లాడి నాలుగు రోజుల్లో చెబుతామని, ఆ తర్వాత ఆవిడను విడిగా ఒకసారి, ఇంట్లో బిడ్డతో ఒకసారి కలుస్తామని, రెండు వారాలు మీరు ఇంట్లో ఉండగా జీతంతో పనిచేశాకే ఒప్పందం ఖాయం చేస్తామని చెప్పండి. ఇది రాసి పంపండి. దానికి ఒప్పుకోకుండా "వేరే వాళ్లు తీసుకెళ్లిపోతారు" అని తొందరపెడితే తీసుకెళ్లనివ్వండి. మీకు ఇంకా ఆరు వారాలున్నాయి. నాలుగు వారాలు వెతుకులాటకు చాలు. ఒకవేళ చాలకపోతే ఉద్యోగంలో చేరే తేదీ ఇంకో రెండు వారాలు జరపగలరేమో మీ ఆఫీసులో ఈ వారమే అడిగి ఉంచండి, ఆఖరి రోజున అడగడం కన్నా ఇప్పుడు అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. పాత ఇంటివాళ్లతో మాట్లాడాక వాళ్లు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాస్తే, వాటిలో దేన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తోచింది చెబుతాను.